తెలియడం, గురి కుదరడం, రావడం: పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారు?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఓ అరగంట నిలబడి చూడండి. దేవుడి పటాలు అమ్మే దుకాణదారు ఒక యాత్రికుడితో తమిళంలో, మరొకరితో కన్నడంలో, ఆ వెనకనే వచ్చినవారితో హిందీలో బేరం సాగిస్తుంటాడు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే "నేర్చుకున్నది ఏముందండీ, అదే వచ్చింది" అంటాడు. ఎంతవరకు చదివారని అడిగితే మాత్రం గొంతు తగ్గుతుంది. "చదువు అబ్బలేదు" అంటాడు.

నాలుగు భాషల్లో వ్యాపారం నడిపే మనిషి తనను చదువు రానివాడిగా చెప్పుకోవడం వింటే బాధగా ఉంటుంది. చదువంటే బడి, పుస్తకం, పరీక్ష అన్న లెక్క మనందరిలో అంతగా పాతుకుపోయింది.

ఇప్పుడు ఆ లెక్క రెండు వైపుల నుంచి కదులుతోంది. 15 ఏళ్లు దాటినా అక్షరాలు రానివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022–27 కాలానికి ఒక పథకాన్ని చేపట్టింది. దాన్నే 'ఉల్లాస్' అని పిలుస్తున్నారు. 'వయోజన విద్య' అనే పాత పేరును పక్కనపెట్టి 'అందరికీ విద్య' అన్నారు. అక్షరాలు, అంకెలతో పాటు బతకడానికి కావలసిన నైపుణ్యాలు, వృత్తి నైపుణ్యాలు, ప్రాథమిక విద్య, ఆ తర్వాతి చదువు కూడా అందులో చేర్చారు. రెండోవైపు, అన్నీ ఫోనులోనే దొరుకుతుంటే ఇక తరగతులెందుకని అడిగేవారు పెరుగుతున్నారు. అనుభవాన్ని మించిన గురువు లేడని పెద్దలు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. ఫోను, నలుగురి సాంగత్యం, అనుభవం: పెద్దవాళ్లకు నిజంగా నేర్పేది వీటిలో ఏది?

ఈ ప్రశ్న చిక్కుపడటానికి కారణం 'నేర్చుకోవడం' అనే ఒక్క మాట కింద మనం మూడు వేరువేరు పనులను కలిపేయడమే.

తెలుగు ముందే విడదీసి పెట్టిన మూడు మాటలు

"ఆ ఊరు నాకు తెలుసు" అంటాం. "తమిళం నాకు వచ్చు" అంటాం. ఈ రెండు క్రియలను తారుమారు చేస్తే వాక్యం వింతగా ఉంటుంది. తెలిసేది సమాచారం. 'వచ్చు' అన్నది మన చేతికో నోటికో అలవడిన పని: వంట వచ్చు, ఈత వచ్చు, సైకిలు తొక్కడం వచ్చు. ఈ రెంటికీ నడుమ 'గురి' అనే మరో మాట ఉంది. ఒక వైద్యుడి మీద గురి కుదిరితేనే ఆయన ఇచ్చిన మందు వేసుకుంటాం. తెలిసినదాన్ని చేసి చూడాలంటే ముందు దానిమీదో, చెప్పిన మనిషిమీదో గురి కుదరాలి.

ఈ మూడింటినీ విడిగా పట్టుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఫోను సమాచారాన్ని తెలియజేయడంలో గట్టిది. గురి కుదిర్చేది చుట్టూ ఉన్న నలుగురు. చేయడం రావాలంటే చేతులు కదలవలసిందే. ఇది నేను చేసుకున్న విభజన. శాస్త్రజ్ఞులు వాడే మాటలు వేరు. బడి, కళాశాలల్లో సాగేదాన్ని నియత విద్య అంటారు. సాయంత్రపు అక్షరాస్యత కేంద్రం, కుట్టు శిక్షణ వంటివి అనియత విద్య. మిగిలినదంతా బతుకులో కలిసిపోయి, ఎవరూ పేరు పెట్టకుండా జరిగే చదువు. దుకాణదారు తమిళం ఆ మూడో రకం.

ఆ మూడో రకం ఎంత పెద్దదో కెనడా పరిశోధకుడు అలెన్ టఫ్ 1970ల మొదట్లో చూపించారు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఓపికగా అడిగితే, దాదాపు అందరూ ఏడాదిలో ఎన్నో విషయాలను పట్టుదలగా నేర్చుకున్నట్టు తేలింది. అందులో ఎక్కువ భాగం ఏ సంస్థతోనూ పని లేకుండా సాగినదే. అడిగేదాకా వాళ్లు దాన్ని చదువుగా లెక్కపెట్టుకోలేదు.

పెద్దల చదువు పిల్లల చదువుకు భిన్నమా?

భిన్నమేనని గట్టిగా చెప్పినవారిలో అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ ముఖ్యుడు. పెద్దవాళ్లు ఏం నేర్చుకోవాలో తామే నిర్ణయించుకోవాలనుకుంటారు. వెనక అనుభవం ఉంటుంది. ఉద్యోగం, సంసారం, పిల్లల పెంపకం వంటి బాధ్యత మీద పడ్డప్పుడు నేర్చుకోవడానికి సిద్ధపడతారు. ఎప్పుడో పనికొచ్చే పాఠం కన్నా ఈ రోజు ఎదురైన సమస్యకు జవాబు కావాలంటారు. స్థూలంగా ఆయన వాదం ఇది.

పిల్లలు మాత్రం తమ ఇష్టంతో నేర్చుకోరా అని విమర్శకులు అడిగారు. గాలిపటం కట్టడం ఏ పాఠ్యప్రణాళికలో ఉంది? కొత్త విషయం ముందు కూర్చున్న పెద్దవాళ్లు కూడా "మొదట మీరే చెప్పండి" అనడం మనకు కొత్త కాదు. 1970లో పిల్లల చదువును, పెద్దల చదువును ఎదురెదురుగా నిలబెట్టిన నోల్స్, 1980 నాటికి అవి ఒకే దారిలోని రెండు కొసలని తన మాటను సవరించుకున్నారు. సొంత సిద్ధాంతాన్ని అలా దిద్దుకోవడం నాకు గౌరవం కలిగించే విషయం.

మెదడు సంగతి క్లుప్తంగా. ముందెన్నడూ చూడని చిక్కును చకచకా విప్పే శక్తి యౌవనం తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. పోగుచేసుకున్న పదాలు, పరిజ్ఞానం, లోకజ్ఞానం మాత్రం చాలాకాలం నిలుస్తాయి, పెరుగుతాయి కూడా. మనస్తత్వవేత్తలు రేమండ్ కాటెల్, జాన్ హార్న్ ఈ రెండు రకాల తెలివిని విడదీసి చూపారు. లండన్ వీధులన్నీ కంఠస్థం చేసిన టాక్సీ డ్రైవర్ల మెదడులో దారులను గుర్తుంచుకునే భాగపు వెనక వైపు పెద్దదిగా ఉందని మెదడు పరిశోధకురాలు ఎలియనార్ మగ్వైర్ బృందం 2000లో ప్రకటించింది. పెద్దయ్యాక మెదడు గట్టిపడిపోతుందన్న మాటను అప్పటినుంచి అంత ధీమాగా ఎవరూ అనలేకపోతున్నారు.

అనుభవం అబద్ధం చెప్పే సందర్భం

అనుభవాన్ని పొగిడే వ్యాసాలు చాలా ఉన్నాయి. అది దారి తప్పించే తీరును కూడా చూడాలి. ఒక ఉదాహరణను నిదానంగా పరిశీలిద్దాం.

చిత్తూరులో ఉండే అరవై ఏళ్ల గృహిణిని ఊహించుకోండి. పాత మంచం అమ్మాలని ఫోనులో ప్రకటన పెట్టారు. ఒకడు ఫోను చేసి, డబ్బు పంపిస్తున్నానని, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే ఖాతాలో పడుతుందని చెప్పాడు. ఆమె కొట్టారు. ఖాతాలో ఉన్న డబ్బు పోయింది.

దీన్ని అమాయకత్వం అనడం అన్యాయం. ఆమె జీవితమంతా డబ్బు చేతికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక గుర్తు పెట్టారు. బ్యాంకులో డబ్బు తీసుకోవాలంటే ఫారం మీద సంతకం. పింఛనుకు వేలిముద్ర. రేషనుకు వేలిముద్ర. ఏటీఎంలో పిన్ కొడితే నోట్లు బయటికి వచ్చాయి. నలభై ఏళ్ల అనుభవం ఆమెకు నేర్పిన సూత్రం ఒకటే: రాబడికి నా గుర్తు కావాలి. మోసగాడు ఆ సూత్రానికి సరిగ్గా సరిపోయే మాటే చెప్పాడు.

"ఎవరికీ పిన్ చెప్పకండి" అన్న హెచ్చరిక ఆమెకు ముందే తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు కూడా, తానే కొట్టుకున్నారు. కాబట్టి హెచ్చరికను ఇంకో పదిసార్లు వినిపించి ప్రయోజనం లేదు. పాత సూత్రాన్ని బయటికి తీసి విప్పి చూపాలి. బ్యాంకు ఫారం మీది సంతకం, ఏటీఎం పిన్ "నా ఖాతాలోంచి తీయండి" అన్న అనుమతులు. పింఛను దగ్గర వేలిముద్ర "ఈ మనిషిని నేనే" అన్న రుజువు. ఖాతాలో డబ్బు పడటం వీటిలో దేనికీ చెందదు. హుండీలో ఎవరైనా కానుక వేయవచ్చు, తాళంచెవి అవసరమయ్యేది తెరిచి తీయడానికే. పిన్ ఆ తాళంచెవి. హుండీని కళ్లారా చూసిన మనిషికి ఈ పోలిక ఒక్కసారి చెబితే చాలు.

ఇక్కడ జరిగినదాన్ని రెండు సిద్ధాంతాలు వివరిస్తాయి. అనుభవం దానంతట అది పాఠం కాదని, దాన్ని తరచి చూసి, ఒక సూత్రంగా కట్టి, మళ్లీ ఆచరణలో పెట్టి చూస్తేనే పాఠమవుతుందని అమెరికా విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో ఒక చక్రంగా చెప్పారు. మనుషులు అంత వరసగా చక్రం తిరగరన్న ఆక్షేపణ ఉంది, అది సబబే. మరో అమెరికా విద్యావేత్త జాక్ మెజిరో చెప్పింది ఇంకాస్త లోతైనది: పెద్దల చదువులో కీలకమైనది కొత్త విషయం చేరడం కన్నా, లోకాన్ని చూసే పాత చట్రం పగలడం. చదువు మానేసి ఏళ్లు గడిచాక మళ్లీ కళాశాలకు వచ్చిన అమెరికా స్త్రీలను గమనించి 1978లో ఆయన ఈ మాట అన్నారు. చట్రం పగిలినప్పుడు మనిషికి సిగ్గు, కోపం, భయం కలుగుతాయి. ఆ సమయంలో పక్కన ఎవరున్నారన్నది పాఠం ఎంత బాగుందన్నంత ముఖ్యం.

వీడియో చూస్తే చేయడం వచ్చినట్టు ఎందుకనిపిస్తుంది?

శికాగో విశ్వవిద్యాలయంలో మైకేల్ కార్డస్, ఎడ్ ఓబ్రియన్ 2018లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తాయి. బల్ల మీద సామాను కదలకుండా కింది గుడ్డను లాగే విద్య వీడియోను కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవారికి తామూ చేయగలమన్న ధీమా బాగా పెరిగింది. ఇలాంటి ఇతర విద్యలను మరికొందరికి చూపించి, నిజంగా చేయించి చూస్తే, ఎక్కువసార్లు చూసినందువల్ల పనితనం పెరగలేదు. ఇంకో సంగతి: వస్తువులను గాలిలో ఎగరేసి పట్టుకునే ఆటలో, ఆ వస్తువును కాసేపు చేతిలో పట్టుకోనిస్తే చాలు, అనవసరపు ధీమా తగ్గింది. బరువు చేతికి తెలిసింది.

శ్రీకాళహస్తి కలంకారీకి ఇదే వర్తిస్తుంది. గుడ్డను కరక్కాయ, పాల ద్రావణంలో నానబెట్టడం, ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు చేయడం, పటికతో ఎరుపు పట్టించడం, ఈ వరసంతా వీడియోలో చూసి తెలుసుకోవచ్చు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే రంగు ఎంత దిగుతుందో మాత్రం వేళ్లకే తెలియాలి. నొక్కుడు కాస్త ఎక్కువైతే గీత బొట్టవుతుంది. చేసేవారికి కూడా దాన్ని మాటల్లో చెప్పడం కష్టం. అందుకే ఇలాంటి విద్యలు ఇప్పటికీ ఒకరి పక్కన ఒకరు కూర్చునే పద్ధతిలోనే దిగుతున్నాయి. జీన్ లేవ్ అనే మానవశాస్త్రవేత్త పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో దర్జీలను పరిశీలించినప్పుడు కనబడింది కూడా అదే. శిష్యులు ముందు గుండీలు, అంచులు కుట్టేవారు, ఇస్త్రీ చేసేవారు, ఆపై కుట్టుపనికి, చివరికి కత్తిరింపుకు వచ్చేవారు. తప్పు జరిగినా గుడ్డ పాడుకాని పని మొదట, పాడయ్యే పని చివర. మన ఊళ్లలో దర్జీ దుకాణంలో పనిలో చేరిన కుర్రవాడి చేతికి మొదట కాజాలు, గుండీలు ఇవ్వడంలో ఇంత లెక్క ఉంది.

ఇంత చెప్పినా ఫోనును తక్కువ చేయలేం. ఆపి, వెనక్కి తిప్పి చూసుకునే వీలు ఏ గురువు దగ్గరా లేదు. అడగడానికి సిగ్గుపడే ప్రశ్నను రాత్రి పదింటికి ఫోనును అడగవచ్చు. దాని బలహీనతకు మందు కూడా తేలికైనదే. మనస్తత్వవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పాఠం మూసి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించినవారే ముందున్నారు. నాలుగోసారి వీడియో చూడటం కన్నా, ఫోను పక్కన పెట్టి ఏం విన్నామో ఇంట్లో ఒకరికి చెప్పడంలో ఎక్కువ మిగులుతుంది.

మామిడితోటలో ఒక్కడి చదువు సరిపోని చోటు

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వైపు మూడెకరాల తోతాపురి తోట ఉన్న రైతు ఒకరు, పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు (ఈగలను రప్పించే మందు పెట్టిన బుట్టలు) కట్టాలని వీడియోలో చూశారనుకుందాం. తెచ్చి కట్టారు. వారానికి బుట్టల నిండా ఈగలు పడ్డాయి. అయినా కాయ కోస్తే లోపల పురుగు తగ్గలేదు. "ఇవి పనికిరావు" అని ఆయన తేల్చుకున్నారు.

ఆయన కళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ఎరకు వచ్చేవి మగ ఈగలు. కాయకు గాటు పెట్టి గుడ్లు పెట్టేది ఆడ ఈగ. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరక్క సంతతి తగ్గుతుందన్నది పద్ధతి వెనకున్న ఆలోచన. పక్కతోటలో ఎరలు లేకపోతే, అక్కడ జతకట్టిన ఆడ ఈగలు గట్టు దాటి వస్తాయి. చెట్ల కింద రాలిన కాయలను ఏరి నాశనం చేయకపోతే పురుగు నేలలోకి దిగి మళ్లీ ఈగవుతుంది. కొన్ని విద్యలు ఒక్కరికి వస్తే ఫలించవు. చుట్టుపక్కల తోటలవారందరికీ ఒకే సీజనులో రావాలి.

అందరికీ రావాలంటే గురి కుదరాలి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో సామాజిక శాస్త్రజ్ఞులు బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ 1943లో ప్రచురించారు. ఆ విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా కంపెనీ మనుషులు. వేసి చూద్దామన్న నిర్ణయానికి తెచ్చింది మాత్రం పొరుగు రైతులు. ఆ తర్వాత కూడా ముందు కొద్ది చెక్కలో వేసి చూసుకుని పెంచుకుంటూ పోయారు. తెలియడం, గురి, రావడం: మూడు మెట్లూ ఆ ఒక్క పొలంలో కనిపిస్తాయి. మన దేశంలో డిజిటల్ గ్రీన్ సంస్థ పల్లెల్లో వాడిన పద్ధతి దీన్ని పట్టుకుంది. అక్కడి రైతులతోనే వీడియో తీసి, ఊళ్లో గుంపుగా చూపిస్తారు. ఒకరు నడుమ ఆపి మాట్లాడిస్తారు.

అయితే అందరూ దగ్గరివాళ్లే ఉన్న గుంపులో కొత్త మాట పుట్టదు. నాకు తెలిసినదే నా పొరుగువారికీ తెలుసు. ఉద్యోగపు కబురు చాలామందికి అప్పుడప్పుడు కలిసే పరిచయస్తుల ద్వారా అందిందని సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం చెబుతుంది. అంటే కబురు దూరం నుంచి వస్తుంది, గురి దగ్గర కుదురుతుంది. యాత్రికుల ఊరైన తిరుపతిలో దుకాణదారుకు రోజూ దూరపు కబుర్లే, భాషలు రావడంలో వింతేముంది?

గురికి చీకటి కోణం ఒకటుంది. వాట్సాప్‌లో వచ్చిన మాటను మనం నమ్మేది అది నిజమని తేలినందుకు కాదు, పంపినవారు మేనమామ అయినందుకు. మేనమామకు ఎవరు పంపారో మనకు తెలియదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల వదంతులు 2018లో మన దేశంలో ప్రాణాలు తీశాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ ఇక్కడ ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకే పంపగలిగేలా పరిమితి పెట్టింది.

చదువు మనిషిలో ఉంటుందా, మనుషుల మధ్య ఉంటుందా?

2005 ప్రాంతంలో కెనడా విద్యావేత్తలు జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ 'కనెక్టివిజం' అనే వాదంతో మరింత ముందుకు వెళ్లారు. ఈ కాలంలో జ్ఞానం ఒకరి తలలో ఇమిడేది కాదని, మనుషులు, యంత్రాలు కలిసిన అల్లికలోనే ఉంటుందని, ఎక్కడ ఏది దొరుకుతుందో ఎరగడమే అసలు చదువని వాదించారు. 2008లో ఆ పేరుతోనే నడిపిన ఆన్‌లైన్ కోర్సులో ఫీజు కట్టినవారు ఓ పాతికమంది, ఉచితంగా చేరినవారు రెండువేలకు పైగా. అలాంటి భారీ కోర్సులకు అదే నాంది. మన దేశపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' 2017లో మొదలైంది.

ఇది విద్యా సిద్ధాంతం కాదని, నెట్‌వర్కు వర్ణన మాత్రమేనని విమర్శకులు అంటారు. ఇలాంటి కోర్సులను చివరిదాకా పూర్తి చేసేవారు చాలా కొద్దిమందేనన్నది నిజం. కావలసిన రెండు పాఠాలు చూసుకుని వెళ్లిపోయినవారిని విఫలమైనవారిగా లెక్కించడం తప్పన్నది కూడా నిజం. నన్ను ఇంకొకటి కలవరపెడుతుంది. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉన్నప్పుడు, ఆ ఇల్లాలికి ఈ అల్లికలో చోటెక్కడ?

మాట్లాడితే వినే ఫోను ఉండగా అక్షరాలెందుకు?

తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయాన్ని గూగుల్ 2017లో తెచ్చింది. అక్షరం రాని మనిషికి కూడా ఫోను అందుబాటులోకి వచ్చింది. ఇక అక్షరాస్యత అవసరం తీరిపోతుందని ఒక వాదం. దాన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే ఏళ్ల తరబడి మూసి ఉన్న తలుపు అది తీసింది. కానీ విన్నదాన్ని వేలు పెట్టి చూపించి "ఈ ముక్క ఎక్కడుంది?" అని అడగలేం. దుకాణం అద్దె కాగితంలో ఏడో షరతు ఏమంటుందో చదవడం వచ్చినవారు నిలదీయగలరు, వినేవారు చదివి వినిపించినవారిని నమ్మాలి.

అక్షరం ఏం చేయగలదో తిరుపతికి పొరుగు జిల్లాలోనే కనబడింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత ఉద్యమం వాచకంలోని సీతమ్మ కథ చదివిన స్త్రీలు తమ ఇళ్లలోని సారా గురించి మాట్లాడుకున్నారు. దుకాణాన్ని మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అక్కడ తెలియజేసింది వాచకం, గురి కుదిర్చింది పక్కన కూర్చున్న స్త్రీలు. బాధ మాత్రం ఎవరూ నేర్పనక్కరలేని సొంత అనుభవం.

బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ ఈ పద్ధతినే ముందు తీసుకొచ్చారు. 1963లో అంజికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు చదువు చెప్పినప్పుడు, మొదటి పాఠంగా అక్షరమాల పెట్టలేదు. వాళ్ల బతుకులోంచి ఏరిన మాటలు పెట్టారు. ఆయన పద్ధతిలో పేరొందిన మాట 'టిజోలో', అంటే ఇటుక. ముందు ఇటుక గురించి, ఇల్లు కట్టడం గురించి మాట్లాడుకుంటారు. తర్వాత ఆ మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు అచ్చులు మార్చుకుంటూ కొత్త మాటలు అల్లుతారు. మన గుణింతానికి చాలా దగ్గరి పని ఇది.

గోవిందరాజస్వామి గుడి వీధిలోని దుకాణదారుకు అలాంటి మాటలు గోడ నిండా వేలాడుతున్నాయి. ఏ పటం కింద ఏ పేరు రాసి ఉందో ఆయనకు ముందే తెలుసు, ఒక్కో అక్షరంగా కూడబలుక్కోవడమే రాదు. 'పటం' దగ్గర మొదలుపెడితే చాలు. 'ప'కు దీర్ఘం ఇచ్చి, సున్నా తీస్తే పాట. గుడి దీర్ఘం ఇస్తే పీట. కొమ్ము దీర్ఘంతో పూట, ఏత్వంతో పేట.